సమస్య: పట్టుకొన్నవాడె పట్టుబడెను

నిర్వాహకుడు: నిన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర కదిలిన బస్సు వెంట ఒక కుర్రవాడు పరుగెత్తడం చూశాను. ఇంటికి వచ్చేసరికి పద్యపాదం సిద్ధం. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించండి. ఎప్పటిలాగే ఎవరి పేటే వారి పేరు.

పట్టుకొన్నవాడె పట్టుబడెను

సత్యనారాయణపురం:

దొంగ కారు సాగ దుముకుచు జీపుతో
వేగమిరుమడించి వెంటబడగ
కెమెరా కంటబడియె కేసు రక్షకునిపై
పట్టుకొన్నవాడె పట్టుబడెను

కారుది సెకనుకు 20 మీటర్ల స్థిరవేగం. అది పక్కనుంచి దాటిన క్షణానే జీపు నిలకడనుంచి కదిలి, సెకను సెకనుకూ 2 మీటర్ల వేగం పెంచుకుంటుంది. 20 సెకన్లలో, 400 మీటర్ల దగ్గర అందుకుంటుంది. అప్పటికి దాని వేగం 40, అంటే గంటకు 144 కిలోమీటర్లు! త్వరణం ఎంతైనా సరే, అందుకునే వేళకు సరిగ్గా రెట్టింపే. ఇద్దరి సగటు వేగమూ ఒకటే కావాలి కదా, సున్నాతో మొదలైనవాడి సగటు చివరి వేగంలో సగం. ‘ఇరుమడించి’ అన్నది పాదం నింపడానికి కాదు.

బ్రాడీపేట మాస్టారు: భావం దివ్యం. మూడో పాదం మొదటి గణం చూసుకోండి. ‘కెమెరా’ సగణం, రెండు పొట్టి అక్షరాల మీద ఒక పొడుగు. సూర్యుడు, అంటే ‘దొంగ’లా పొడుగు-పొట్టి గానీ మూడూ పొట్టివి గానీ అయిన సూర్యగణం, ఉండవలసిన చోట ఎవరిని కూర్చోబెట్టారు?

సత్యనారాయణపురం: పలికేటప్పుడు ‘కెమెర’ అనే అంటామండీ. ఉగాది సమస్యలో తమరు ప్రకాశం బ్యారేజీని ‘బారజు’ చేసినప్పుడు నేను నోరెత్తలేదు. 70 గేట్లూ మూసి ఉండగానే రెండు దీర్ఘాలు కొట్టుకుపోయాయి.

బ్రాడీపేట మాస్టారు: అది వికృతి, దోషం కాదు. బ్యారేజీ మాట వచ్చింది కనుక, మీ జీపును దానిమీదే బెజవాడ కొసనుంచి తోలండి. పొడవు సుమారు 1223 మీటర్లు. త్వరణం అర మీటరే అయితే 80 సెకన్లు, 1600 మీటర్లు కావాలి. దొంగ సీతానగరం వైపు దిగి మా గుంటూరు జిల్లాలో హాయిగా ఉంటాడు.

పటమట:

నాల్గు లెక్కపెట్టునంతలో బస్సును
దాటి మురిసి చూడ దర్పమలర
ఎనిమిదెంచగానె యెనసె బస్సాతని
పట్టుకొన్నవాడె పట్టుబడెను

కుర్రవాడి పరుగు సెకనుకు 6 మీటర్లు, అప్పుడే కదిలిన బస్సు త్వరణం 1, మధ్య దూరం 16 మీటర్లు. ఎప్పుడు కలుస్తారో చెప్పే సమీకరణానికి రెండు మూలాలు, అంటే రెండు జవాబులు: 4, 8 సెకన్లు. తరగతిలో చిన్నదాన్ని ఉంచుకుని పెద్దదాన్ని కొట్టేయిస్తారు. నా పద్యం ఆ కొట్టేసినదానిది.

కృష్ణలంక: నాలుగో సెకనులోనే ఎక్కక ఇంకా పరుగెందుకమ్మా?

పటమట: ఎక్కేస్తే నాలుగో పాదం ఎలా వస్తుంది బాబాయి గారూ?

సత్యనారాయణపురం: రెండో మూలానికి పద్యం కట్టినవారిని ఇప్పుడే చూస్తున్నాను. లెక్కలు చెప్పే మాస్టారికి ఇది తట్టకపోవడం చిత్రం.

బ్రాడీపేట మాస్టారు: తట్టింది, ఇంకా సున్నితంగా. దూరం 18 చేయండి. రెండు మూలాలూ 6 దగ్గర కలిసిపోతాయి, ఆ క్షణాన ఇద్దరి వేగమూ 6. ఇంటి గుమ్మం ఎక్కినట్టు బస్సెక్కవచ్చు. 20 అయితే 2 మీటర్ల దాకా వచ్చి, చేయి చాచి, ఇక వెనకబడటమే.

వడులు రెండు కలియ బస్సు నెక్కెను వాడు
జేబు వెదికి చూడ చిల్లి మిగిలె
తనిఖి వారు రాగ దారి యేదియు లేక
పట్టుకొన్నవాడె పట్టుబడెను

కృష్ణలంక: చిల్లి మిగిలిందా! భేష్.

సత్యనారాయణపురం: ‘తనిఖీ’ తోక ఎవరు కోశారండీ?

బ్రాడీపేట మాస్టారు: నేనే. కోశాను కనుక గణం నిలిచింది. తమరు కోయలేదు.

పటమట: మాస్టారూ, 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగులో మా ఆడవాళ్లను టికెట్టు డబ్బు అడగడం లేదు. పాదంలో ‘వాడె’ అని ఉండబట్టి మీ పద్యం బతికింది.