జారిన బంతి కోసం స్మాల్ ఫార్వర్డ్ ఎక్కడ నిలబడాలి?

మెల్‌బోర్న్‌లోని ఒక స్థానిక ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ జట్టులో నేను స్మాల్ ఫార్వర్డ్‌గా (గోల్ దగ్గర ఆడే పొట్టి, చురుకైన దాడి ఆటగాడిగా) ఆడుతున్నాను. గోల్‌కు 50 మీటర్ల దూరంలో ఉండే గీత లోపలికి ఎత్తుగా తన్నిన బంతిని మా పొడవాటి ఫార్వర్డ్ గాలిలో మార్క్ పట్టలేకపోయినప్పుడు (అంటే నేల తాకకముందే చేతుల్లో ఒడిసిపట్టలేకపోయినప్పుడు), కింద పడిన ఆ బంతి నాకు దక్కడం లేదు. శిక్షకుడు చెప్పినట్టు బంతి కోసం మా ఫార్వర్డ్, డిఫెండర్ పోటీపడి దూకే చోటుకి ఎదురుగా నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడితే, డిఫెండర్ పిడికిలితో గుద్దిన బంతి నా తల మీదుగా పోతోంది. వెనుక, గోల్ వైపు నిలబడితే అది వాళ్లకు ముందు వైపే రాలి ప్రత్యర్థికి చిక్కుతోంది. పరుగును ఆలస్యంగా మొదలుపెట్టి చూశాను, పేరొందిన స్మాల్ ఫార్వర్డ్ ఎడ్డీ బెట్స్ ఆడిన మ్యాచ్‌ల వీడియోలూ పరిశీలించాను (640 గోల్స్ కొట్టిన ఆయన్ను బంతే వెతుక్కుంటూ వచ్చినట్టు ఉంటుంది!), ఫలితం మారలేదు. బంతి పోయాక ట్యాకిల్‌తో ఒత్తిడి పెట్టడంలో మాత్రం ఇబ్బంది లేదు. బంతి ఎటు రాలుతుందో ముందే పసిగట్టడానికి నేను చూడవలసింది బంతి గమనాన్నా, మా ఫార్వర్డ్ దూకే దిశనా, డిఫెండర్ చేతినా?