‘రేయ్ మామా, వదిన వస్తోందిరా!’ ఈ వరస ఎలా కుదిరింది?

స్నేహితుడు మనసుపడ్డ అమ్మాయి అటు రాగానే హైస్కూలు వరండాల్లో రోజూ వినపడే మాటే ఇది. ఒకసారి వరసలు కలిపి చూడండి. మామ భార్య అత్త అవ్వాలి కదా, వదిన ఎలా అయింది? పోనీ ‘బావా’ అన్నా లెక్క తేలదు, బావ భార్య మనకి అక్కో చెల్లెలో అవుతుంది. ఆ అమ్మాయి వదిన కావాలంటే వాడు అన్న కావాలి, కానీ పక్క బెంచీవాణ్ణి ‘అన్నా’ అని పిలిచిన తొమ్మిదో తరగతి కుర్రాడు మా ఊళ్లో అయితే లేడు.

నాకు తోచింది ఇదీ. మామా, బావా అన్నవి ఇక్కడ వరసలు కావు, ఉత్త చనువు. ఇంట్లో అన్నతో వేళాకోళమాడాలంటే కాస్త వెనకాడతాం, బావతో ఆ బెదురు లేదు, పెళ్లిపందిట్లో కూడా ఆటపట్టించాల్సిందే. స్నేహానికి కావలసింది ఆ పరాచికమే కాబట్టి పిల్లలు అటువైపు వరసలు తెచ్చుకున్నారు. వదిన మాత్రం అచ్చంగా వరసే. ‘వీడికి ఇష్టమట, ఇంకెవరూ అటు చూడకండి’ అని దానర్థం. అన్న భార్య తల్లితో సమానం అనే పాత మర్యాదని పదిహేనేళ్లవాళ్లు ట్యూషన్ దగ్గర సైకిళ్లు పెట్టేచోట అమలు చేస్తుంటారు. (అసలు వాడు ఆ అమ్మాయితో ఒక్క ముక్క మాట్లాడి ఉండడు, అది వేరే సంగతి.) మేనత్త కూతురో మేనమామ కూతురో వయసులో పెద్దదైతే ఆమె కూడా వదినే, మేనరికం ఉన్న ఇళ్లలో వరసైన మనిషే. బడిలో ఆ అర్థం ఎవరికీ గుర్తురాదు.

దీనికి విరుగుడు ‘అన్నయ్యా’. శ్రావణ పౌర్ణమికి సరిగ్గా జ్వరం తెచ్చుకునే మగపిల్లలు ప్రతి బడిలో ఉంటారు, రాఖీ కట్టించుకుంటే కథ అక్కడితో సరి. నోటుబుక్కు చివరి పేజీలో ఆడే ఫ్లేమ్స్‌లోనూ ఇదే భయం. ఇద్దరి పేర్లలో కలిసిన ఇంగ్లిష్ అక్షరాలు కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టి, ఆ అంకెతో ఆరక్షరాల మీద తిప్పుతూ ఒక్కొక్కటి తీసేస్తే చివరికి మిగిలిందే జాతకం. ఫ్రెండ్, లవ్, అఫెక్షన్, మ్యారేజ్, ఎనిమీ, సిస్టర్. ఎనిమీ వస్తే నవ్వేసేవాళ్లు గానీ సిస్టర్ వస్తే ఇంటిపేరు కలిపి మళ్లీ మొదటినుంచి!

↳ వరంగల్ నుంచి. అమ్మాయిల వైపు సంగతి ఎవరూ రాయరేం? మేం వదినలమైన సంగతి అందరికన్నా ఆఖర్న తెలిసేది మాకే. ల్యాబ్ నుంచి వస్తుంటే ఐదారుగురు ఒక్కసారే దగ్గి మధ్యలో ఉన్నోణ్ణి ముందుకు తోస్తే, ఓహో, ఇదా అనుకునేవాళ్లం. మాలో మేం ‘మీ బావ వచ్చిండే’ అని ఏడిపించుకునేది. ఆ ‘మీ’ చూడండి. అబ్బాయిలు వదిన అంటే అది గుంపు మొత్తానికి వదిన, మేం మాత్రం ఎవరి బావని వాళ్లకే వదిలేసినం. మా లెక్కలో తప్పు కూడా లేదు, బావ అంటే చేసుకోబోయేవాడే కదా.

↳ హైదరాబాద్‌లో తోటివాణ్ణి ‘అన్నా’ అనడం మామూలే, ‘కాకా’ అని కూడా అంటాం. అన్నా అన్నోళ్లకి వదిన వరస సరిపోయినట్టే. కాకా అన్నోళ్ల సంగతే తేలాలి, కాకా భార్య చిన్నమ్మ మరి.

↳ మొదటి పోస్టు నాదే. చిన్నమ్మా! ఆ మాట వింటే ఏ కుర్రాడూ ప్రేమ జోలికి పోడు. ఇంకో సందేహం, ఇద్దరికీ కటీఫ్ అయ్యాక ఆ వదినని ఏమనాలి? మా బ్యాచ్‌లో పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు, ఫేర్‌వెల్ దాకా ‘ఆమె’ అనే నెట్టుకొచ్చారు. మీ దగ్గర దీనికి ఏదైనా మాట ఉందా?