సైన్స్ డేకి హెర్జెన్‌బర్గ్ గారి ఫొటో పెడదామంటే...

నరసన్నపేట బయాలజీ టీచర్:
ఏటా ఫిబ్రవరి 28న మా హైస్కూల్లో రామన్ గారి ఫొటోకి దండ వేస్తాం. ఈసారి పక్కనే లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ గారి చార్ట్ కూడా పెట్టాలని నా కోరిక. కణాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి వేరుచేసే మిషన్‌ని స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేయించిన ఆయన. 2006లో క్యోటో ప్రైజ్ వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో చెబితే "ఆ పేరే నోరు తిరగదు, మన పిల్లలు ఆ మిషన్ ఎక్కడ చూస్తారండీ" అన్నారు. ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, పిల్లలకి ఎలా చెప్పాలో చెప్పండి.

ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం:
తప్పకుండా పెట్టండి మేడం. నేను చాలా ఏళ్లు అలాంటి మిషన్ మీదే సీడీ4 కౌంట్, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాల లెక్క, చేశాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు బొబ్బిలి, సాలూరు వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చేవారు. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తానికి సీడీ4 కణాలను పట్టుకునే యాంటీబాడీ కలుపుతాం. వెలుగు పడితే మెరిసే రంగు దానికి అంటించి ఉంటుంది. కాసేపు చీకట్లో ఉంచి మిషన్‌కి పెడితే కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతాయి. ఒక్కో కణం స్క్రీన్ మీద ఒక్కో చుక్క. సీడీ4 చుక్కల గుంపు పల్చగా కనబడితే అంకె రాకముందే నాకు మనసు పాడైపోయేది. మైక్రోలీటరుకి 200 కంటే తగ్గితే టీబీ లాంటివి సులువుగా పట్టేస్తాయి. ఇప్పుడు కౌంట్ ఎంతున్నా మందులు ఇస్తున్నారు గానీ, 2017కి ముందు చాలామందికి మందు ఎప్పుడు మొదలెట్టాలో ఆ అంకెను బట్టే చెప్పేవారు. చదువురాని ఒక పెద్దావిడ రిపోర్టు నా చేతికే తిరిగిచ్చి "పెరిగిందా బాబూ?" అనేది. పిల్లలకి ఆ మాట చెప్పండి చాలు.

రాజాం నుంచి:
నాదొక అభ్యంతరం. దండ ఒక్కరికే వేస్తే ఎలా? సన్నటి ధారను చుక్కలుగా విడగొట్టి, కరెంటు ఛార్జ్ ఇచ్చి పక్కకు తిప్పే పద్ధతి రిచర్డ్ స్వీట్ ఇంకు జెట్ కోసం కనిపెట్టినది. దాంతో కణాలను వేరుచేసే మిషన్‌ని 1965లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబులో మ్యాక్ ఫుల్‌వైలర్ చేశారు. హెర్జెన్‌బర్గ్ ఆ నక్షాలు తెచ్చుకున్నారు.

ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం:
నిజమే సార్, వాళ్ల పేర్లూ ఉండాలి. కానీ ఫుల్‌వైలర్ మిషన్ కణం సైజును బట్టి వేరుచేసేది. ఒకే సైజులో ఉన్న రెండు తెల్లకణాల్లో ఏది ఏదో సైజు చెప్పలేదు. మెరుపును బట్టి వేరుచేయాలని పట్టుబట్టి, ఇంజనీర్లను కూడగట్టి 1969కల్లా చేసి చూపించింది హెర్జెన్‌బర్గ్ గారి బృందం. బ్లడ్ క్యాన్సర్ ఏ రకమో తేల్చేదీ, మూలకణాలను ఏరేదీ ఆ దారినే. ఆయన భార్య లియనోర్ గారిని మాత్రం వదలొద్దు మేడం. జీవితమంతా అదే ల్యాబులో ఆయనతో సమానంగా పనిచేశారు. ఆడపిల్లలు ఆ పేరు చదవాలి.

నరసన్నపేట బయాలజీ టీచర్:
అయితే చార్ట్‌లో నలుగురూ ఉంటారు, దంపతులు మధ్యలో. మీరు ఆ రోజు రాగలరా? చుక్కల ప్రింటవుట్ ఒకటి చూపిస్తే బాగుంటుంది.

ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం:
సెలవు పెట్టి వస్తాను మేడం. పేషెంట్లది మాత్రం తేను, పేరు చెరిపేసినా సరే. మిషన్ సరిచూసుకోవడానికి కంట్రోల్ శాంపిల్ నడుపుతాం కదా, ఆ ప్రింటవుట్ మా సార్‌ని అడిగి తెస్తాను.