హిమాలయన్ 411కు స్మార్ట్ డిస్‌ప్లే: కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ఓరుగల్లు రైడర్:

మిత్రులకు నమస్కారం. నాది 2021 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. హనుమకొండ నుంచి రామప్ప, లక్నవరం, బొగత వైపు, వీలు చిక్కినప్పుడు ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా వెళ్తుంటాను. ఫోనులోని మ్యాపును బండి తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రెండూ వైర్‌లెస్‌గా పనిచేసే డిస్‌ప్లే ఒకటి బండికి పెట్టించాలని అనుకుంటున్నాను. నేను చూసిన దానికి ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో మూడు వైర్లు ఉన్నాయి, దానితోపాటు ముందూ వెనుకా కెమెరాలు, టైర్లలో గాలి ఎంతుందో చూపించే సెన్సార్లు కూడా ఇస్తున్నారు. ఇక్కడ ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అన్నీ నేరుగా బ్యాటరీకి కలపమన్నారు, మరొకరు హెడ్‌లైట్ వైరు మధ్యలో కోసి కలిపితే సరిపోతుందన్నారు. బండికి ఇప్పటికే రెండు ఫాగ్ లైట్లు ఉన్నాయి. వీటిలో ఏ పద్ధతి సరైనది? మన మే నెల ఎండకు ఈ తెర నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గోదావరిఖని వైరింగ్:

రైడర్ గారూ, ఆ ఇద్దరు చెప్పిన పద్ధతుల్లో దేనికీ నేను ఒప్పుకోను. డిస్‌ప్లే ఒక్కటే తీసుకునే కరెంటు చాలా తక్కువ. పది వాట్లు అనుకున్నా 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ కూడా దాటదు. బండి నడుస్తున్నప్పుడు ఆ భారం మీ ఆల్టర్నేటర్‌కు ఒక లెక్క కాదు. అసలు సంగతి బండి ఆపిన తరువాత మొదలవుతుంది. మూడు వైర్ల డిస్‌ప్లేలో ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునే వైరు, ఒకటి తాళం తిప్పినప్పుడు మాత్రమే మేల్కొలిపే సిగ్నల్ వైరు, మూడోది ఎర్త్. మొదటి రెండింటినీ కలిపి బ్యాటరీకి బిగిస్తే తెర ఎప్పటికీ నిద్రపోదు. సరిగ్గా బిగించినా కొన్ని చవక రకాలు నిద్రలో కూడా కొంత కరెంటు పీలుస్తూనే ఉంటాయి. ఉదాహరణకు 50 మిల్లీ ఆంపియర్లు పీల్చితే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతాయి. మీ బ్యాటరీ సామర్థ్యం 8 ఆంపియర్-అవర్లు మాత్రమే కాబట్టి వారం తిరగకముందే అది ఖాళీ అవుతుంది, సెల్ఫ్ తిరగకపోవడం అంతకంటే ముందే జరుగుతుంది. కిక్ లేని బండి అన్న విషయం మరిచిపోకండి.

అందుకే బిగించిన వెంటనే దుకాణంలోనే ఈ పరీక్ష చేయించండి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, విప్పిన కేబులుకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి, ముందు పది ఆంపియర్ల రేంజిలో, అంకె బాగా పడిపోయాక మిల్లీ ఆంపియర్ల రేంజిలో చూడండి. తెర పూర్తిగా నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు కనుక వెంటనే నిర్ణయానికి రావద్దు. మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కవద్దు, మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది. డిస్‌ప్లే కనెక్టర్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. పది మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అంతకు మించితే కరెంటు వైరును కూడా రిలే (తాళంతో వచ్చే చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ద్వారా ఇవ్వాలి: బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి 30వ పిన్నుకు, 87 నుంచి డిస్‌ప్లేకు, 85 ఎర్త్‌కు, 86 తాళంతో వచ్చే వైరుకు.

రంగులను నమ్మవద్దు. కారు స్టీరియోల్లో పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళంతో వచ్చేది. బైక్ డిస్‌ప్లేల్లో కొన్ని కంపెనీలు దీన్ని తారుమారు చేస్తాయి, కాబట్టి డిస్‌ప్లేతో వచ్చిన కాగితం చూసే కలపండి. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, మూడు ఆంపియర్లది చాలు. వైరు కోసి టేపు చుట్టడం, సోల్డర్ చేయడం కన్నా క్రింపు చేసి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. సింగిల్ సిలిండర్ బండి అదురుకు సోల్డర్ అంచున వైరు గట్టిపడి, అక్కడే తెగుతుంది.

కాజీపేట జంక్షన్:

ఇంత వైరింగ్ అవసరమా అని నా సందేహం. ఫోను పట్టే స్టాండు, ఒక యూఎస్‌బీ ఛార్జర్ పెట్టుకుంటే అదే మ్యాపు అదే ఫోనులో కనిపిస్తుంది. పైగా ఈ డిస్‌ప్లేలో కూడా దారి చూపేది జేబులోని ఫోనే. ఫోను చార్జింగ్ అయిపోతే ఆ తెర వట్టి అద్దంతో సమానం. చట్టం వైపు నుంచి చూసినా, 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నియమాల సవరణ ప్రకారం దారి చూసుకోవడానికి, అదీ ఏకాగ్రత చెదరని విధంగా, ఫోను వాడుకోవచ్చు.

మానేరు తీరం:

జంక్షన్ గారి మాటలో నిజం ఉంది కానీ ఫోను కెమెరా సంగతి వారు వదిలేశారు. పెద్ద ఇంజిన్ల మోటారు సైకిళ్ల అదురు హ్యాండిల్ ద్వారా చేరి, ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్ (చిత్రం అదరకుండా చూసే ఏర్పాటు), ఆటోఫోకస్ పనితీరును తగ్గించవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. అదే సంస్థ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. కరీంనగర్‌లో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో హ్యాండిల్ మీద ఛార్జ్ అవుతున్న ఫోను ఏమవుతుందో చెప్పనక్కర లేదు. డిస్‌ప్లే ఉంటే ఫోను జాకెట్ లోపలి జేబులో ఉంటుంది. నా దృష్టిలో దానికి పెట్టే డబ్బంతా ఈ ఒక్క సౌకర్యానికే.

ఎండలో కనిపించాలంటే వెలుగు కనీసం వెయ్యి నిట్లు ఉన్నది తీసుకోండి. ఇంకో విషయం దుకాణదారులు చెప్పరు: పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. కొనేముందు మీ కళ్లద్దాలు పెట్టుకొని, తల అటూ ఇటూ వంచి చూడండి. తెర మీద రాసే ఐపీ67 అనే నీరు, దుమ్ము రక్షణ రేటింగు అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందనే తప్ప, వాటర్ సర్వీసింగులో వచ్చే ఒత్తిడి ధారను ఆపుతుందని కాదు. కడిగించే ముందు తీసేయగలిగే బ్రాకెట్ ఉండాలి. గుడి దగ్గర, జలపాతం దగ్గర బండి వదిలి వెళ్లేటప్పుడూ అదే పనికొస్తుంది.

వైర్లు బిగించాక హ్యాండిల్‌ను ఎడమ చివరికి, కుడి చివరికి పూర్తిగా తిప్పి, స్టీరింగ్ మెడ దగ్గర వైరు ఎక్కడైనా బిగుసుకుంటోందా, నలుగుతోందా అని వేలితో తడిమి చూడండి. వెనుక కెమెరా వైరు ట్యాంకు కింద నుంచి వెళ్తుంది కనుక ఇంజిన్ వేడికి దూరంగా కట్టించాలి. టైర్ సెన్సార్లు వాల్వు చివర బరువుగా వేలాడతాయి, రబ్బరు వాల్వుకు అది మంచిది కాదు. ట్యూబులెస్ చక్రాలకైతే మెటల్ వాల్వులు వేయించుకోవచ్చు కానీ మీ ముందూ వెనుకా చక్రాలు స్పోకులవి, లోపల ట్యూబు ఉంటుంది, కాబట్టి ఆ సెన్సార్లను నేనైతే పెట్టెలోనే ఉంచుతాను.

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ములుగులోనే ఆ ప్రాంతపు మ్యాపును ఆఫ్‌లైన్‌గా దించుకోండి. మేడారం జాతర రోజుల్లో సిగ్నల్ ఉన్న చోట కూడా నెట్ కదలదు.

ఓరుగల్లు రైడర్:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వైర్ల రకమే తీసుకుంటాను, టైర్ సెన్సార్లు వద్దనుకున్నాను. గోదావరిఖని అన్నగారిని ఒక్కటి అడగాలి: తాళంతో వచ్చే సిగ్నల్ కోసం హెడ్‌లైట్ వైరు కాకుండా ఇంకెక్కడ కలపాలి? సెల్ఫ్ నొక్కినప్పుడు తెర ఆగి మళ్లీ మొదలవుతుందని ఒకరు భయపెట్టారు.

గోదావరిఖని వైరింగ్:

వెనుక లైటు వైరు చాలు, సీటు కిందే దాని కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) దొరుకుతుంది. బండి వైరు కోయకుండా మధ్యలో పెట్టే అదనపు కప్లర్ అడగండి, వారంటీ దగ్గర వాదన రాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పది వోల్టుల దాకా పడిపోవచ్చు, అప్పుడు తెర ఆగి లేవడం లోపం కాదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే ఫోను కలుపుకోండి. ఫాగ్ లైట్లకు మాత్రం వేరే రిలే, వేరే ఫ్యూజు ఉండాలి. అన్నీ బిగించాక లైట్లన్నీ వేసి, ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. 13.5 వోల్టులకు తగ్గితే ఫాగ్ లైట్లు చిన్నవి వేయించాలి, డిస్‌ప్లేను అనుమానించనవసరం లేదు.