మడత చాకు: డబ్బు స్టీల్ మీద పెట్టాలా, పిడి సొగసు మీద పెట్టాలా?

ఆస్టిన్_అల్లుడు:
అందరికీ నమస్తే. భీమిలిలో ఉండే మా మామగారికి ఈసారి ఒక మంచి మడత చాకు తీసుకెళ్దామనుకుంటున్నాను. పోర్టులో చేసి రిటైరయ్యారు. అంట్లు కట్టాలన్నా, పురికొస కోయాలన్నా, సాయంత్రం మామిడికాయ ముక్కలు తరిగి ఉప్పూకారం అద్దుకోవాలన్నా జేబులోంచి చాకు తీయాల్సిందే. ఇక్కడ నాకు క్రిస్ రీవ్ అనే అమెరికా చాకుల కంపెనీ వాళ్ళ సెబెంజా 31 మోడల్ రెండు దొరికాయి, దాదాపు ఒకే ధర. ఒకటి పాత స్టాక్: ఎస్45విఎన్ స్టీల్, టైటానియం పిడిలో బాక్స్ ఎల్డర్ బర్ల్ (చెట్టు బొడిపె నుంచి తీసిన సుడుల చెక్క) పొదిగారు. రెండోది కొత్తది: మాగ్నాకట్ స్టీల్, పిడి మాత్రం ఉత్త టైటానియం. మా బావమరిదేమో "డెమాస్కస్ (చారల ఉక్కు) తీసుకో బావా, దాని అందమే వేరు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

కొలిమి_కబుర్లు:
మాగ్నాకట్. రెండో ఆలోచన వద్దు.

కారణం చెప్తా. మా బాలానగర్ షెడ్లలో హెచ్‌సిహెచ్‌సిఆర్ అని పిలిచేదే బయట డి2. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. అయినా వానాకాలం నూనె రాయకుండా డై పక్కన పెడితే వారం తిరక్కుండా మచ్చలు తేలతాయి. కార్బన్ ఒకటిన్నర శాతం ఉండటంతో వచ్చిన తంటా ఇది. ఆ కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్లు అనే గట్టి గింజలుగా మారిపోతుంది, తుప్పు ఆపడానికి మిగిలే క్రోమియం తగ్గిపోతుంది. మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే, కాగితం మీద చూస్తే డి2 కంటే తక్కువ. కానీ లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త 2021లో దీన్ని తెచ్చినప్పుడు చేసిన పని ఏంటంటే, కార్బన్‌ని వెనేడియం, నయోబియంలకు అప్పజెప్పాడు. క్రోమియం కార్బైడ్లే ఉండవు. ఉన్న క్రోమియం అంతా తుప్పు మీదే పనిచేస్తుంది. సముద్రం పక్కన ఉండే మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

సానరాయి:
కొలిమి అన్నా, లెక్క బాగుంది. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మామగారు దేని మీద నూరుకుంటారు?

ఎస్45విఎన్‌లో వెనేడియం 3 శాతం, మాగ్నాకట్‌లో 4. వెనేడియం కార్బైడ్ గట్టిదనం విక్కర్స్ స్కేలు మీద 2800 దగ్గర ఉంటుంది. బజార్లో దొరికే కార్బొరండం రాయి అంతకంటే కాస్త తక్కువ, తెల్ల అల్యూమినా రాయి ఇంకా తక్కువ. నూరితే పదునెక్కదని అనను, ఎక్కుతుంది. కానీ చుట్టూ ఉన్న ఉక్కు అరిగిపోయి ఆ గింజలు అలాగే నిలబడతాయి, నూరేటప్పుడు అంచు మీద లేచే సన్నటి లోహపు రేకు ఒక పట్టాన వదలదు, పెద్దాయన విసుక్కుంటారు. ఆర్నెల్లకోసారి "అల్లుడూ, నీ అమెరికా చాకు తెగట్లేదోయ్" అని ఫోన్ వస్తుంది, చూసుకోండి.

నన్నడిగితే ఆ రెండూ వద్దు. స్వీడన్ 14సి28ఎన్ స్టీల్ ఉన్నది ఏదైనా తీసుకోండి. కార్బన్ 0.62 శాతమే, కార్బైడ్లు సన్నగా ఉంటాయి. మామూలు రాయి మీద పది నిమిషాల్లో గడ్డం గీసే పదును. ధర అయిదో వంతు కూడా ఉండదు.

వైజాగ్_గాలి:
నేను పెదవాల్తేరులో ఉంటాను కాబట్టి ఉప్పుగాలి గురించి మాట్లాడే హక్కు నాకుంది :)

బ్లేడు గురించి మీరంతా ఎందుకింత టెన్షన్ పడుతున్నారో అర్థం కావట్లేదు. ఎస్45విఎన్‌లో క్రోమియం 16 శాతం. కొంత కార్బైడ్లలోకి పోయినా మిగిలింది చాలు. మామిడికాయ కోశాక కడిగి తుడుచుకుంటే రెండిట్లో దేనికీ ఏమీ కాదు. ఇక్కడ ముందు పోయేవి బ్లేడ్లు కావు, స్క్రూలు. చవక చాకుల్లో క్లిప్పు స్క్రూ తలలు ఎర్రబడి, ఆ నక్షత్రం గుంట పూడిపోయి, తర్వాత విప్పుదామన్నా తిరగవు. లోపల ఇరుసు దగ్గర చేరిన ఉప్పు గరగరలాడుతుంది. సెబెంజా గొప్పంతా అక్కడుంది. ఇంట్లోనే మొత్తం విప్పి, తుడిచి, గ్రీజు రాసి మళ్ళీ బిగించుకునేలా చేశారు. పోర్టులో చేసిన మనిషికి అది పని కాదు, కాలక్షేపం.

నా దగ్గర ఒపినెల్ కార్బన్ చాకు కూడా ఉంది. పదును అద్భుతం. జూలై వచ్చిందంటే బీచ్‌కర్ర పిడి ఉబ్బి బ్లేడు బయటికే రాదు. అందుకే నేను చెప్పేది, స్టీల్ కంటే పిడి గురించి ఎక్కువ ఆలోచించండి.

పొదుగు_పిచ్చోడు:
వైజాగ్ గారు అన్నది సగం నిజం. ఒపినెల్ పిడి మొత్తం చెక్కే, అందుకే ఉబ్బితే బ్లేడుని పట్టేస్తుంది. సెబెంజాలో అలా కాదు. టైటానియం పలకలోనే మెషీన్ మీద ఒక పల్లం తొలుస్తారు, ఆ ఆకారానికే కోసిన చెక్కని అందులో అతికిస్తారు. లాకు పనిచేసేది టైటానియం మీదే, చెక్క మీద భారం ఏమీ ఉండదు. చెక్కకీ లోహానికీ మధ్య గోరు లాగి చూడండి, ఎక్కడా తగలదు. ఆ పనితనానికే డబ్బు ఇచ్చేది.

పైగా బాక్స్ ఎల్డర్ బర్ల్ మెత్తని చెక్క కాబట్టి వ్యాక్యూంలో రెజిన్ పట్టించి గట్టి చేస్తారు. దాన్నే స్టెబిలైజ్డ్ అంటారు. గాలిలో తేమ మారినా పెద్దగా కదలదు. ఇదే స్నేక్‌వుడ్ అయితే వద్దనేవాణ్ణి. చాలా చిక్కటి చెక్క, రెజిన్ లోపలికి దిగదు, ఎండలు ముదిరాక నెర్రెలిస్తుంది. చూడటానికి పాము చర్మంలా ఎంత బాగున్నా సరే. మామత్ (ఎప్పుడో అంతరించిన ఏనుగు జాతి) దంతం కూడా అంతే, పొడికీ తేమకీ మారుతూ ఉంటే పగుళ్ళు. దానికి చట్టం తలనొప్పి వేరే. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో అమ్మకం నిషేధం. వేల ఏళ్ళ కింద చచ్చిన జంతువుదే అయినా, ఏనుగు దంతాన్ని ఆ పేరుతో తోసేస్తారని. ఇండియా కస్టమ్స్‌లో "ఇది మామత్‌ది సార్" అని ఎవరికి చెప్పుకుంటారు?

ఇక్కడ ఒక మాట. మీలో ఎవరికైనా ఎర్రచందనం పొదిగించుకుందామన్న కోరిక పుడితే అక్కడే చంపేసుకోండి. శేషాచలం చెక్క మనదే అయినా సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు లేని ముక్క చేతిలో ఉంటే అది చాకు పిడి అని ఎవరూ జాలిపడరు. కణుజు (సాంబార్ జింక) కొమ్ము కథా అంతే. ఇంగ్లాండు షెఫీల్డ్, జర్మనీ జోలింగెన్ చాకుల మీద గరుకుగా కనిపించే గోధుమరంగు పిడులు చాలావాటికి మన అడవుల కొమ్మే. ఎగుమతి ఆపేశాక పాత నిల్వలే తిరుగుతున్నాయి.

ఆస్టిన్_అల్లుడు:
చాలా నేర్చుకున్నాను, థాంక్స్. డెమాస్కస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. బావమరిది వదలట్లేదు.

కొలిమి_కబుర్లు:
మీ బావమరిది చూసింది రెండు రకాల ఉక్కు పొరలు పొరలుగా కాల్చి అతికించి, చివర్లో యాసిడ్‌లో ముంచితే తేలే గీతలు. నికెల్ ఉన్న పొర తెల్లగా, లేనిది నల్లగా. అందమే, కాదనను. కానీ పాత డెమాస్కస్ కత్తుల చారలు అలా వచ్చినవి కావు. ఆ ఉక్కు మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రం లాంటి ఊళ్ళలో మూసలో కరిగించి తీసింది. దానికోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్ళు. అందులో చారలు ఉక్కు చల్లారి, మళ్ళీ మళ్ళీ కొట్టేటప్పుడు కార్బైడ్లు వరసలు కట్టడం వల్ల ఏర్పడతాయి. ఎందుకు వరస కడతాయో అయోవా ప్రొఫెసర్ వెర్హోవెన్, ఫ్లోరిడా కమ్మరి పెండ్రే కలిసి 1990లలో తేల్చారు: ఖనిజంలో ఉన్న రవ్వంత వెనేడియం లాంటి మూలకాలు. సానరాయి తమ్ముడు తిడుతున్న ఆ వెనేడియమే!

తీసుకుంటే స్వీడన్ డమాస్టీల్ లాంటి స్టెయిన్‌లెస్ రకం తీసుకోవాలి. తక్కువ ధరకి వచ్చే కార్బన్ డెమాస్కస్ భీమిలిలో మొదటి తుపానుకే చెడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక డెమాస్కస్ ఒకటి మా షాపులో కఠినత్వం చూశాం. 52 ఆర్‌సి (రాక్‌వెల్ సి, ఉక్కు గట్టిదనం కొలత) వచ్చింది. చాకుకి 58 అయినా ఉండాలి. ఏ దుకాణమో చెప్పను.

సానరాయి:
చూశారా, మీరే ఒప్పుకున్నారు. హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కుని కాల్చి చల్లార్చి గట్టిపరచడం) బాగోకపోతే పేరు ఏదైనా ఒకటే. ఆ మాటకొస్తే పాత సెబెంజాల్లో వాడిన ఎస్30వి స్టీల్‌ని కొంచెం మెత్తగా ఉంచారని కలెక్టర్లు ఎన్నేళ్ళు గొణిగారు? పదును నిలవాలంటే స్టీల్ కంటే ముందు అంచు కోణం. ఒక్కో పక్క 20 డిగ్రీలున్నదాన్ని 15కి దింపితే, అదే స్టీల్ ఎంతో ఎక్కువ సేపు తెగుతుంది. మాగ్నాకట్‌కి నేను ఇచ్చే మార్కులు దానికే. 62, 63 ఆర్‌సిలో కూడా పెళుసెక్కదు కాబట్టి సన్నటి కోణాన్ని తట్టుకుంటుంది. తుప్పు గురించి కాదు.

వైజాగ్_గాలి:
అంటే మీరు మాగ్నాకట్ వైపు వచ్చేశారన్నమాట.

సానరాయి:
డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి పట్టించిన నూరే పలక) కూడా కొనిస్తేనే. లేకపోతే నా ఓటు 14సి28ఎన్‌కే.

పొదుగు_పిచ్చోడు:
నేను మాత్రం మారను. పదునులో ఈ రెండు స్టీళ్ళ తేడా ల్యాబ్‌లో కనిపిస్తుంది. మామిడికాయ మీద కనిపించదు. చెక్క మాత్రం జేబులోంచి తీసిన ప్రతిసారీ చేతికి తగులుతుంది. ఉత్త టైటానియం బూడిదరంగు, చలికాలం చల్లగా ఉంటుంది, రెండు నెలల్లో తాళంచెవుల గీతలు. పెద్దాయనకి ఇచ్చే వస్తువు కదండీ.

ఆస్టిన్_అల్లుడు:
అత్తయ్యగారికి ఫోన్ చేసి కనుక్కున్నాను. మామగారు ఇప్పటికీ పెరటి గట్టు మీద ఉన్న పాత కార్బొరండం రాయి మీదే నూరతారట. ఇంకో రాయి తెచ్చినా ముట్టుకోరట. కాబట్టి సానరాయి గారి ప్లేటు కథ కుదరదు. వెనేడియం కాస్త తక్కువున్న ఎస్45విఎన్, చెక్క పొదిగినది తీసుకుంటున్నాను. ఇక్కడే 15 డిగ్రీలకి నూరించి తీసుకొస్తా.

సానరాయి:
ఎస్45విఎన్‌కి 15 కాస్త ఎక్కువ ఆశ. 17 పెట్టించండి, అంట్లు కట్టేటప్పుడు గట్టి కొమ్మ తగిలితే అంచు విరగకుండా ఉంటుంది.

వైజాగ్_గాలి:
చెకిన్ బ్యాగులోనే పెట్టండి, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే వదిలేసి రావాలి. మన ఆయుధ నిబంధనల్లో లైసెన్సు ప్రశ్న వచ్చేది తొమ్మిది అంగుళాలు దాటిన, లేదా రెండంగుళాల కంటే వెడల్పున్న బ్లేడుకి. దీనిది నాలుగు అంగుళాలు కూడా లేదు.