‘మారాడు’, ‘మారింది’: రేంజరుకూ పోకెమాన్‌కూ ఒకే క్రియ సరిపోతుందా?

సభ్యులందరికీ నమస్కారం.

మా మేనకోడలు ఏడో తరగతి చదువుతోంది. ఈ సెలవుల్లో ఒక కథ రాయడం మొదలుపెట్టింది. టీవీ కథల్లో రంగు దుస్తులు దాల్చి వీరులయ్యే పవర్ రేంజర్లు ఐదుగురికి, ఒక రూపం నుంచి మరో రూపానికి ఎదిగే పోకెమాన్ అనే ఊహాప్రాణి తలా ఒకటి తోడుగా ఉంటుందని, ఊరి మీదికి వచ్చిన రాక్షసుణ్ణి ఆ పది మందీ కలిసి ఎదిరిస్తారని ఊహ. ఎర్ర రేంజరుకు తోక చివర మంట ఉండే చార్మాండర్‌ను, నీలి రేంజరుకు స్క్వర్టిల్‌ను, పసుపు రేంజరుకు పికాచూను ఇచ్చింది. కథంతా తెలుగులోనే రాయాలని నేను అడిగాను, సరేనంది. మూడో పేజీలో నాకు ఈ వాక్యాలు కనిపించాయి: “చార్మాండర్ మారింది. రెడ్ రేంజర్ కూడా మారాడు. రాక్షసుడు ఓడిపోయాక ఇద్దరూ ఇంటికి వెళ్ళారు.”

ఇంటికి వెళ్ళాక వాళ్ళ అమ్మకు ఎలా కనిపిస్తారని అడిగాను. “రెడ్ రేంజర్ అన్న మామూలుగానే ఉంటాడు. చార్మాండర్ మాత్రం ఇంక చార్మాండర్ కాదు మామయ్యా, చార్మీలియన్ అయిపోయింది కదా, మళ్ళీ చిన్నది అవదు” అని చెప్పింది. విషయం ఆమెకు స్పష్టంగా తెలుసు, కానీ వాక్యంలోకి రాలేదు. ‘మారు’ అనే క్రియ తిరిగి వచ్చే మార్పును, తిరిగి రాని మార్పును ఒకే గాటన కట్టేసింది. ఈ రెండింటికీ తెలుగులో వేర్వేరు మాటలు ఏమిటని మొన్న ఇక్కడ అడిగాను. సూచనలు చాలా వచ్చాయి. వాటిని నాకు తోచినంతలో పరిశీలించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా ఆ మాటల పుట్టిల్లు చూడాలి. రెండు కథాలోకాలూ జపాన్‌వే. రంగురంగుల దుస్తుల వీరుల జట్టు 1975లో ‘గోరేంజర్’ ధారావాహికతో మొదలైంది. ఆ పరంపరలో 1992లో వచ్చిన ‘జ్యూరేంజర్’ పోరాట దృశ్యాలను తీసుకొని, అమెరికా నటులతో కొత్త సన్నివేశాలు చిత్రించి కలిపితే 1993లో ‘పవర్ రేంజర్స్’ తయారైంది. పోకెమాన్ 1996లో గేమ్ బాయ్ అనే చేతి ఆటయంత్రం మీద ఆటగా వచ్చింది. దాని సృష్టికర్త సతోషి తాజిరి చిన్నతనంలో పురుగులను పట్టి పోగుచేసేవాడు, ఆ సరదాయే ఆటకు మూలమైంది. ఈ పురుగుల సంగతి గుర్తుంచుకోండి, చర్చకు మళ్ళీ పనికివస్తుంది.

జపాను భాషలో రేంజరు మార్పును ‘హెన్‌షిన్’ అంటారు. ‘హెన్’ అంటే మార్పు, ‘షిన్’ అంటే శరీరం. పోకెమాన్ మార్పును ‘షింకా’ అంటారు. ఇక్కడి ‘షిన్’ వేరే లిపిచిహ్నం, దానికి ముందుకు సాగడమని అర్థం, ‘కా’ అంటే మరొకటిగా అవడం. చెవికి ఒకటిగానే వినిపించే ‘షిన్’ ఒక మాటలో ఒంటిని, మరొక మాటలో నడకను సూచిస్తోంది. ఒళ్ళు మారడం ఒకటి, ముందుకు సాగి వేరొకటిగా అవడం మరొకటి. మా మేనకోడలి వాక్యంలో లోపించిన భేదం అక్కడ మాట నిర్మాణంలోనే ఉంది.

ఇక సూచనల సంగతి. రేంజరుకు ‘మార్ఫ్ అయ్యాడు’ అని ఇంగ్లీషు మాటనే ఉంచేయవచ్చని ఒకరు అన్నారు. ‘మార్ఫ్’ గ్రీకు మాట నుంచి వచ్చింది, రూపమనే దాని అర్థం, మూలంలో దోషమేమీ లేదు. కానీ తెలుగు పత్రికల్లో ‘మార్ఫింగ్’ అనగానే ఆడపిల్లల ఫొటోలను వికృతంగా మార్చి వేధించే నేరమే గుర్తుకు వస్తుంది. పదమూడేళ్ళ పిల్ల రాసే వీరగాథలోకి ఆ మాటను రానివ్వడం నాకు ఇష్టం లేదు.

పోకెమాన్‌కు ‘పరిణామం’ వద్దని ఇద్దరు సభ్యులు గట్టిగా వాదించారు. జీవశాస్త్రంలో పరిణామం తరతరాలుగా ఒక జాతికి జరిగేది, ఒక ప్రాణి జీవితకాలంలో జరిగేది కాదు, కనుక పాఠ్యపుస్తకాల్లో గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడానికి వాడే ‘రూపవిక్రియ’ సరైనదని వారి వాదం. శాస్త్రం ప్రకారం వారు చెప్పింది నిజం. అయితే ఆ ఇబ్బంది జపానులోనూ ఉంది. డార్విన్ సిద్ధాంతానికి అక్కడి శాస్త్రజ్ఞులు వాడే మాట కూడా ‘షింకా’యే. పైగా ‘పరిణామం’ అనే మాట డార్విన్ కంటే చాలా పాతది. మన దర్శనాల్లో పరిణామవాదమనీ వివర్తవాదమనీ రెండు ఉన్నాయి. పాలు పెరుగు కావడం పరిణామానికి వాళ్ళు చూపే ఉదాహరణ: వస్తువే మారింది, ఇక వెనక్కి రాదు. తాడు పాముగా కనిపించడం వివర్తానికి ఉదాహరణ: తోచే రూపం మారింది, తాడు తాడుగానే ఉంది. ఈ పాత అర్థంలో చూస్తే చార్మాండర్ చార్మీలియన్ కావడం అచ్చంగా పరిణామమే. జీవశాస్త్రం మాటను అరువు తెచ్చుకొని జాతులకు వర్తింపజేసింది, అంతమాత్రాన మొదటి అర్థం తప్పు కాదు. ‘పరిణామం’ పట్ల నా అభ్యంతరం వేరే ఉంది. వార్తల్లో ‘తీవ్ర పరిణామాలు’, ‘తాజా పరిణామాలు’ అని రోజూ విని విని పిల్లల చెవికి ఆ మాట పర్యవసానంగానో సంఘటనగానో స్థిరపడిపోయింది. “చార్మాండర్ పరిణామం చెందింది” అని వాళ్ళు చదివితే దానికేదో జరిగిందని అనుకుంటారే తప్ప అది ఎదిగిందని అనుకోరు.

‘మారువేషం’ అన్న సూచన మొదట నాకూ నచ్చింది, ఎందుకంటే రేంజర్లు తమ గుర్తింపును ఎవరికీ తెలియనివ్వకూడదన్న నియమం ఉంది. కానీ విరాటపర్వంలో భీముడు వంటవాడైనది తన బలాన్ని దాచుకోవడానికి. రేంజరు దుస్తులు బలాన్ని బయటపెడతాయి. దిశ పూర్తిగా తిరగబడింది. ఇక ‘అవతారం’ అంటే పైనుంచి దిగిరావడం. ఆ గొప్ప అర్థం ఒకవైపు ఉండగా, చినిగిన చొక్కాతో ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి “ఏమిటిరా ఈ అవతారం?” అని తల్లి మందలించే వాడుక మరొకవైపు ఉంది. అయినా దీన్ని పూర్తిగా తోసిపుచ్చలేను, కారణం చివర చెబుతాను.

నామవాచకాల కోసం వెతుకుతూ మనమందరం ఒక సంగతి మరిచిపోయామని నాకు అనిపిస్తోంది. తెలుగులో ఈ భేదాన్ని చూపేది క్రియ. వేషం కడతాం, విప్పుతాం. ముసుగు వేస్తాం, తీస్తాం. రూపం దాలుస్తాం, విడుస్తాం. అవతారం ఎత్తుతారు, చాలిస్తారు. ఇవన్నీ జంటలు. ఇప్పుడు ‘ఎదుగు’ అనే క్రియకు తిరుగు క్రియ చెప్పండి. లేదు. పాలు తోడుకుంటాయి, తోడుకున్న పెరుగు మళ్ళీ పాలయ్యే క్రియ మన భాషలో లేదు, ఎందుకంటే లోకంలోనే లేదు. తిరుగు క్రియ ఉన్న మాట రేంజరుకు, లేని మాట పోకెమాన్‌కు. ఏ సూచన వచ్చినా ఈ పరీక్ష పెట్టి చూడవచ్చు.

రేంజరుకు ‘వేషం కట్టు’ తక్కువ మాట అవుతుందేమోనని ఒక సభ్యురాలు సందేహించారు. నేను అలా అనుకోవడం లేదు. కూచిపూడి కలాపంలో పాత్ర తెర వెనుక నుంచి వచ్చి ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. జపాను వీరుల జట్టులోనూ దుస్తులు దాల్చిన వెంటనే ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, తమ రంగు చెప్పి, పేరు చెప్పి, భంగిమ పట్టి నిలుస్తారు. పూర్వం యుద్ధంలో సమురాయిలు పేరు చాటుకొన్న ఆచారం దానికి మూలం, ‘నానోరి’ అంటారు. పికాచూ పలుకు కూడా దాని పేరేనన్నది పిల్లలందరికీ తెలుసు, మన కాకి తన అరుపునే పేరుగా పెట్టుకున్నట్లు. వేషం కట్టి పేరు చాటడం మన వీధిభాగవతం చూసినవారికి కొత్త కాదు, చిన్నతనం అంతకన్నా కాదు.

సమాధానం (హిందూపురం ప్రాంతం నుంచి ఒక సభ్యుడు):

అయ్యా, తాజిరి పురుగుల సరదా గురించి మీరు రాసింది చదివి ఇది రాస్తున్నాను. మా ఇంట్లో మూడు తరాలుగా పట్టుపురుగుల పెంపకం ఉంది. పురుగు తన జీవితంలో నాలుగుసార్లు తోలు విడుస్తుంది. ఆ సమయంలో మేత ముట్టకుండా తల ఎత్తి కదలక ఉంటుంది, దాన్ని మేము ‘జ్వరం’ అంటాము. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం లేచాక ఆకును రాత్రింబగళ్ళు కరకరమని తింటుంది, పురుగుల గది అంతా వాన కురిసినట్లు చప్పుడు. తరువాత ఒకరోజు హఠాత్తుగా మేత మానేస్తుంది. ఒళ్ళు పసుపుపచ్చగా, వెలుతురుకు పెట్టి చూస్తే అవతలివైపు తెలిసేటంత పలుచగా అవుతుంది. అప్పుడు “పురుగు పండింది” అంటాము. పండిన పురుగులను ఏరి చంద్రికల మీద, అంటే గూళ్ళు కట్టించే వెదురు తట్టల మీద వేస్తే గూడు కడతాయి. మీ పరీక్ష ప్రకారం ‘పండు’ అనే క్రియకు తిరుగు లేదు. మా పిల్లలు పోకెమాన్ ఆటలో గొంగళిపురుగులాంటి క్యాటర్పీ గూడులాంటి మెటాపాడ్ అయితే “పండింది” అనే అంటారు. ఈ మాటనూ పరిశీలించగలరు.

సమాధానం (ప్రశ్న వేసిన సభ్యుడు):

ఈ మాట కోసం ఎన్ని నిఘంటువులు తిరగేసినా నాకు దొరికేది కాదు. మీకు నా నమస్కారం. మీ మాట చదివి క్యాటర్పీ సంగతి మళ్ళీ చూశాను. ఆటలో అది ఏడో స్థాయికి మెటాపాడ్ అవుతుంది, పదో స్థాయికి రెక్కలు వచ్చి బటర్‌ఫ్రీ అవుతుంది. ఈ మొదటి మార్పుకు ‘పండు’ కంటే మంచి క్రియ ఉండదు. అయితే చార్మాండర్‌కు నేను ‘పండింది’ అనలేను. పండటంలో ఒక ముగింపు ఉంది: పండు చెట్టును వదులుతుంది, పురుగు మేతను వదులుతుంది. చార్మాండర్ పదహారో స్థాయిలో చార్మీలియన్ అయినా, ముప్ఫై ఆరులో చారిజార్డ్ అయ్యే మార్గం ఇంకా మిగిలే ఉంది. దానికి ‘ఎదుగు’ ఉంచి, గూడు కట్టే జాతికి ‘పండు’ వాడడం నాకు సబబుగా తోస్తోంది.

ఎదగడం తన చేతిలో లేనిదైతే పికాచూ మాటేమిటని మరొకరు అడిగారు. మంచి ప్రశ్న. పికాచూ థండర్ స్టోన్ అనే రాయిని తాకితే రాయ్‌చూ అవుతుంది, అయినా కార్టూన్ కథానాయకుడు యాష్ పెంచుకొనే పికాచూ వద్దన్నది. తెలుగులో దీనికి కొత్త మాట అవసరం లేదు. “ఎదగనంది” అంటే చాలు. ఆ ఒక్క ‘ను’లో దాని ఇష్టమంతా ఉంది.

తిరుగు క్రియ పరీక్షకు లొంగని సందర్భాలు పోకెమాన్ లోకంలో రెండు ఉన్నాయి. 2013లో వచ్చిన ఆటలతో మొదలైన మెగా ఇవల్యూషన్‌లో పోకెమాన్ యుద్ధం ముగిసేవరకే కొత్త రూపంలో ఉండి, తరువాత యథాస్థితికి వస్తుంది. పేరులో ‘షింకా’ ఉన్నా పనిలో అది దాల్చడమే. కనుక చారిజార్డ్ ఎదగలేదు, మహారూపం దాల్చింది, యుద్ధం ముగిశాక విడిచింది. ‘మెగా’కూ ‘మహా’కూ మూలధాతువు ఒకటే కాబట్టి ఈ అనువాదంలో సంకోచం అక్కరలేదు. ‘మెగా’ అనే ఉంచితే మన చెవికి మెగాస్టారూ మెగా డీఎస్సీయే ముందుగా తగులుతాయి.

రెండవది డిట్టో. ఎదుట ఏ ప్రాణి ఉంటే ఆ రూపం పొందే ముద్ద అది. జపాను ఆటలో దాని ఏకైక విద్య పేరు ఏమిటో తెలుసా? ‘హెన్‌షిన్’. రేంజరు మాట పోకెమాన్ లోకంలో మొదటి ఆట నుంచీ ఉంది. నా మేనకోడలు రెండు లోకాలను కలపాలని ఊహించింది, భాష ఆ పని ముందే చేసి పెట్టింది.

‘అవతారం’ గురించి చెబుతానన్న మాట ఇది. ‘షింకా’లో రెండో చిహ్నాన్ని, ‘హెన్‌షిన్’లో రెండో చిహ్నాన్ని తీసి పక్కపక్కన పెడితే మరొక జపాను మాట వస్తుంది. దాన్ని ‘కెషిన్’ అని చదువుతారు. బౌద్ధంలోని నిర్మాణకాయానికి, అంటే లోకం కోసం బుద్ధుడు దాల్చే శరీరానికి, చీనా బౌద్ధులు చేసుకొన్న మాట అది. నేటి జపానులో విష్ణువు అవతారాలనూ ఆ మాటతోనే చెబుతారు. పోకెమాన్ సగం, రేంజరు సగం కలిస్తే మన అవతారం వచ్చింది. అందుచేత కథాంతంలో ఐదు పోకెమాన్లూ ఐదుగురు రేంజర్లూ ఒక్క మహావీరుడిగా కూడుకొనే ఘట్టానికి మాత్రమే ‘అవతారం’ దాచి ఉంచమని ఆమెకు చెప్పాను. ముందు పేజీల్లో ఎక్కడా వాడవద్దన్నాను.

నిన్న రాత్రి మూడో పేజీ దిద్దింది. ఇప్పుడు ఇలా ఉంది: “చార్మాండర్ ఎదిగి చార్మీలియన్ అయింది. అన్న ఎర్ర రూపం దాల్చాడు. రాక్షసుడు ఓడిపోయాక అన్న ఆ రూపం విడిచి అన్నానికి కూర్చున్నాడు. చార్మీలియన్‌కు పాత గిన్నె చాలలేదు, అమ్మ పెద్ద పళ్ళెం తీసింది.”