గెలాక్సీ దాటి బయటికి రాలేని చిన్న రేడియో జెట్‌లు ఆ గెలాక్సీని మార్చగలవా?

ప్రశ్న: కావలి నుంచి, ఫిజిక్స్ అధ్యాపకుడు

డిగ్రీ విద్యార్థులకు క్రియాశీల గెలాక్సీల (కేంద్రంలోని కృష్ణబిలం వాయువును మింగుతూ శక్తిని వెదజల్లేవి) గురించి చెప్పేటప్పుడు సిగ్నస్ ఎ గెలాక్సీలోని వంటి భారీ జెట్‌లనే, అంటే కృష్ణబిలం దగ్గర నుంచి దూసుకొచ్చి రేడియో తరంగాలు వెలువరించే ప్రవాహాలనే, ఉదాహరణగా చూపుతూ వచ్చాను. అవి లక్షల కాంతి సంవత్సరాల పొడవున సాగి, గెలాక్సీల మధ్యనున్న వాయువు చల్లబడకుండా అడ్డుకుంటాయని వివరించడం సులభం. మొన్న తరగతిలో ఒక విద్యార్థిని లేచి, అంత దూరం పోయే శక్తి లేక గెలాక్సీ నడిమిలోనే నిలిచిపోయే జెట్‌ల సంగతేమిటని అడిగింది. కొన్ని వేల కాంతి సంవత్సరాలకు మించని ఈ చిన్న జెట్‌లే సంఖ్యలో ఎక్కువ. వాటివల్ల ఆతిథ్య గెలాక్సీలో జరిగేది ఏమైనా ఉందా? కృష్ణబిలం పరిసరాల నుంచి వచ్చే తీవ్రమైన కాంతి కూడా వాయువును నెట్టగలదు కనుక, ఆ పని జెట్‌దేనని ఎలా నిర్ధారిస్తారు? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు: ఒంగోలు, ప్రస్తుతం పుణెలో రేడియో ఖగోళ పరిశోధన

మాస్టారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న మీద గత పదేళ్లుగా చాలా పని జరిగింది. జెట్‌కు ఎంత శక్తి ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ శక్తిలో ఎంత భాగం గెలాక్సీలోని వాయువుకు చేరుతుందో కూడా చూడాలి. గుర్రపుడెక్క కమ్ముకున్న పిల్లకాలువలోకి తూము పూర్తిగా ఎత్తి వదిలిన నీరు ఒక దారి చీల్చుకుని దిగువకు పోతుంది. అదే సన్నగా వదిలితే ప్రతి సందులోకీ దూరి, అడ్డం తగిలినచోటల్లా పక్కలకు పాకుతుంది. శక్తిమంతమైన జెట్ దట్టమైన వాయుమేఘాల పొరను త్వరగా ఛేదించి బయటపడుతుంది. బలహీనమైన జెట్ అదే మేఘాల మధ్య చాలాకాలం చిక్కుకుని, తన చుట్టూ వేడి బుడగను ఊదుతూ, మేఘాలను కుదిపి వాటిలో అల్లకల్లోలాన్ని పెంచుతుందని కంప్యూటర్ అనుకరణలు చూపుతున్నాయి. జెట్ గెలాక్సీ పళ్లేనికి (నక్షత్రాలు, వాయువు తిరిగే చదునైన డిస్క్‌కు) లంబంగా కాక, పళ్లెంలోకే వాలి ఉంటే ఈ ప్రభావం ఇంకా ఎక్కువ.

దీనికి బాగా పరిశీలించిన ఉదాహరణ ఐసీ 5063. సుమారు 16 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీలో జెట్ సరిగ్గా పళ్లెంలోనే దూసుకుపోతోంది. 1998లో ఆస్ట్రేలియా టెలిస్కోప్ కాంపాక్ట్ అర్రేతో 21 సెంటీమీటర్ల హైడ్రోజన్ రేఖను పరిశీలించినప్పుడు, శోషణ రేఖ (వాయువు తన వెనకనుంచి వచ్చే రేడియో తరంగాలను మింగినచోట పడే గాటు) నీలివైపు, అంటే తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు, అసాధారణంగా సాగి కనిపించింది. శోషణ అంటేనే ఆ వాయువు రేడియో మూలానికి మనవైపున ఉందని అర్థం. అలాంటి వాయువు నీలివైపు జరిగిందంటే అది కేంద్రం నుంచి బయటికి, మన దిశగా వస్తున్నట్లే. ఇందులో మరో అర్థానికి తావు లేదు. ఆ వేగం గెలాక్సీ భ్రమణంతో వివరించలేనిది, సెకనుకు 600 కిలోమీటర్లకు పైమాటే. తర్వాత 2015లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోప్ పరిశీలనలలో కార్బన్ మోనాక్సైడ్ ద్వారా చల్లని అణువాయువును చూసినప్పుడు, వేగంగా కదిలే భాగం జెట్ పొడవునా, దాని వెంబడే ఉన్నట్లు తేలింది. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది: కల్లోలం ఎక్కడ ఉందో రేడియో పటంతో పోల్చి చూసి, జెట్ పాత్రను తేలుస్తారు.

జవాబు: నెల్లూరు, విశ్రాంత అధ్యాపకుడు

పై వివరణ చాలా బాగుంది. దానికి ఒక జాగ్రత్త జోడిస్తాను. వాయువు వేగంగా కదిలినంత మాత్రాన అది గెలాక్సీని విడిచిపోయినట్లు కాదు. చాలా సందర్భాలలో ఎక్కువ భాగం పలాయన వేగాన్ని (గెలాక్సీ గురుత్వాకర్షణను దాటిపోయే వేగాన్ని) అందుకోలేక తిరిగి పళ్లెంలోకే పడుతుంది. అయితే పడిన వాయువు వెంటనే నక్షత్రాలుగా మారదు. కల్లోలం తగ్గేదాకా మేఘాలు తమ గురుత్వాకర్షణతో కుంచించుకోలేవు. కాబట్టి ఊడ్చివేయడం కంటే కలచివేయడమే ఈ చిన్న జెట్‌ల ప్రధాన ప్రభావమని నా అభిప్రాయం. ఎన్‌జీసీ 1167 అనే గెలాక్సీలో మాత్రం చిన్న జెట్ కేంద్రం నుంచి చల్లని వాయువును గణనీయంగా బయటికి నెట్టివేస్తోందని 2022లో వెలువడిన పరిశీలన చెబుతోంది కనుక, దీన్ని నియమంగా చెప్పడానికి నేను సాహసించను. జెట్ తాకిడికి వాయువు నలిగి కొత్త నక్షత్రాలు పుట్టిన చోట్లు కూడా ఉన్నాయి. ఎన్‌జీసీ 541 నుంచి వచ్చే జెట్ దారిలో ఉన్న మింకోవ్‌స్కీ వస్తువు అలాంటిదే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఐసీ 5063ను పుణె దగ్గరి మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో చూడవచ్చా? పిల్లలకు ఆకాశంలో చూపించగలిగిన ఉదాహరణ ఏదైనా ఉందా?

జవాబు: ఒంగోలు, ప్రస్తుతం పుణెలో రేడియో ఖగోళ పరిశోధన

చూడలేమండి. దాని దిక్పాతం (ఆకాశ మధ్యరేఖ నుంచి ఉత్తర, దక్షిణ దూరం) మైనస్ 57 డిగ్రీలు, జీఎంఆర్‌టీ హద్దు మైనస్ 53 దగ్గరే ఆగిపోతుంది. కావలి నుంచి అది దక్షిణ క్షితిజంపై 18 డిగ్రీల ఎత్తుకైనా వస్తుంది గానీ, చిన్న టెలిస్కోప్‌కు అందదు. పిల్లలకైతే ఎమ్77 గెలాక్సీ చూపించండి. తిమింగల రాశిలో డెల్టా నక్షత్రం పక్కనే ఉంటుంది, డిసెంబరు సాయంత్రాలలో మనకు బాగా ఎత్తున వస్తుంది, చీకటి ఆకాశంలో ఆరంగుళాల టెలిస్కోప్‌లో మసక మచ్చలా తెలుస్తుంది. దాని కేంద్రంలోనూ చిన్న రేడియో జెట్ ఉంది, ఆ జెట్‌కు అడ్డదిశలో వాయువు కల్లోలంగా ఉన్నట్లు 2021లో ప్రచురించిన పరిశీలనలలో నమోదయింది. కాకపోతే అక్కడ కేంద్రం నుంచి వచ్చే కాంతి కూడా చాలా తీవ్రం కనుక, జెట్ వాటా ఎంత, కాంతి వాటా ఎంత అని విడదీయడం ఐసీ 5063లో కంటే కష్టం.